ఎనిమిది గంటల పాటకు నిలబడ్డవాడు

మా బావ చమ్నోంగ్ బ్యాంకాక్‌లో సిటీ బస్సు డ్రైవరు. రాత్రి డ్యూటీ దిగితే అందరిలా ఇంటికెళ్లి పడుకునేవాడు కాదు, తిన్నగా లుంపిని పార్కుకు పోయేవాడు. చెట్ల కింద బరువులెత్తి, చెరువు చుట్టూ పరిగెత్తి, వేడి సోయా పాలు తాగితే తప్ప ఆయనకు తెల్లవారినట్టు కాదు. పెళ్లయిన కొత్తలో మా అక్క లమైని కాళ్లతో తొక్కే హంస పడవ ఎక్కించిందీ అక్కడే. తొక్కింది మాత్రం అక్కే. సెలవు రోజున కూడా డ్రైవింగేనా అని ఈయన కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడట. ఆ పార్కు నీ పుట్టిల్లు బావా అని నేను ఏడిపించేదాన్ని.

రిటైరైన ఏడాదే పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది, మాట దక్కింది, కుడికాలు మొండికేసింది. కొన్నాళ్లకు డాక్టరు కాల్లో బలం వచ్చేసిందనీ, ఇక మిగిలింది భయమేననీ అన్నాడు. ఆ భయం సామాన్యమైనది కాదు. ఎవరైనా పట్టుకుంటే నిలబడేవాడు, చెయ్యి వదిలితే కూలబడేవాడు. వాళ్లుండేది లిఫ్టు లేని మేడ మీద అద్దె గది. ఆయన్ని దింపలేక, ఎక్కించలేక అక్క నడుం విరిగిపోయింది. నెలాఖరులోగా తనంతట తాను నిలబడకపోతే ఎక్కడో దూరాన రోయెట్ ఊళ్లో ఉన్న మా అన్నయ్య ఇంటికి వెళ్లిపోదామని చెప్పేసింది. అక్కడ మెట్లు లేవు, పార్కూ లేదు. బావ సరేనన్నాడు గానీ ఆ పూట అన్నం ముట్టలేదు.

ఈ సంగతి తెలిసి, ఆయనతో కలిసి బరువులెత్తే స్నేహితులు హెంగ్, విరాత్ రోజూ పొద్దున్నే వచ్చి చక్రాల కుర్చీలో పార్కుకు తీసుకెళ్లడం మొదలుపెట్టారు. హెంగ్ నోరు మంచిది కాదు. చెరువులో ఉడుములు నీకంటే నయం, గట్టెక్కి నాలుగడుగులైనా వేస్తాయి అని తిట్టేవాడు. తిడుతూనే చంకలో చెయ్యేసి లేపేవాడు. రెండో పక్క విరాత్, నోట్లో నాలుక లేని మనిషి. ఆ ఇద్దరికీ ఇప్పటికీ నేను మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

చివరి వారం వచ్చేసింది. అక్కా నేనూ కాస్త దూరంలో, తైచీ వ్యాయామం చేసే ముసలమ్మల పక్కన నిలబడి చూస్తున్నాం. ఆ రోజు రావడం ఆలస్యమై, వాళ్లిద్దరూ బావను అప్పుడే లేపారు. అంతలో ఎనిమిదైంది, మైకులో రోజూ ఆ వేళకి వేసే జాతీయగీతం మొదలైంది. పరిగెత్తేవాళ్లు, వాదించుకునేవాళ్లు, సోయా పాలు పోసే ఆవిడ, అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. మాకిది బళ్లో ఒంటికి పట్టిన అలవాటు. పాట చెవిన పడితే చాలు, చేతులు వాటంతటవే పక్కలకు దిగిపోతాయి.

హెంగ్ చేతులు దిగిపోయాయి. విరాత్ చేతులూ దిగిపోయాయి.

పరిగెత్తుకెళ్లి పట్టుకోకూడదా అని మీరంటారు. తర్వాత నన్ను నేనూ అదే ప్రశ్నించుకున్నాను. కాళ్లు కదిలితేగా. పక్కన అక్క ఊపిరి బుసలా వినిపిస్తోంది, తనూ కదల్లేదు. ఆ మహానుభావులిద్దరూ ఎంతో భక్తిగా ఎదురుగా చూస్తూ నిలబడ్డారు. బావ కూడా అలాగే నిలబడ్డాడు, చేతులు పక్కలకు పెట్టుకుని, గడ్డం పైకెత్తి. తనను ఎవరూ పట్టుకోలేదని పాట సగంలో తెలిసినట్టుంది. కళ్లు అటూ ఇటూ తిరిగాయి, మోకాలు వణికింది. పడిపోయాడనే అనుకున్నాను. పడలేదు. పాట అయ్యేదాకా నిలబడ్డాడు.

హెంగ్ తన చేతులు తను చూసుకుని, చచ్చాంరా అంటూ పట్టుకోబోయాడు.

"ఉండరా," అన్నాడు బావ. "ఇంకాసేపు ఉండనీ."

మేం దగ్గరకు వెళ్లేసరికి ఆయన మొహమంతా చెమట. అక్క చేత్తో తుడవబోయింది.

"లమై, మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యి. మేం రావట్లేదని చెప్పు."

అక్క అక్కడే గడ్డిలో చతికిలబడి, చుట్టూ అంతమంది ఉన్నారని కూడా చూడకుండా, ఏడ్చేసింది. బావ మాత్రం నిలబడే ఉన్నాడు.