పదకొండో గుంత

నా చిన్నప్పుడు మా తాతయ్య దేవుడి పేరు మీద ఏనాడూ ఉపవాసం ఉండలేదు కానీ, ఒక మిలిటరీ దొరకు ఉద్యోగం పెరిగినప్పుడల్లా పస్తు ఉండేవాడు. ఆ దొర కెప్టెన్ అయ్యాడని తెలిసిన రోజు ఒక పూట తినలేదట. కర్నల్ అయినప్పుడు రోజంతా మంచినీళ్లతో గడిపాడట. ఇవి అమ్మమ్మ చెప్పగా విన్నవి. జనరల్ అయ్యాడన్న కబురు వచ్చేసరికి మాత్రం నాకు ఊహ తెలిసింది. చాయ్ హోటల్లో ఎవరో పేపరు చదివి వినిపిస్తుంటే, ఫోటోలో ఎడమ కనుబొమ్మ మీది గాటు చూసి తాతయ్య ఆయన్ను గుర్తుపట్టాడు. ఇంటికొచ్చి, పెట్టిన కంచం పక్కకు జరిపి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నేను దాన్ని భక్తి అనుకున్నాను. మా తాతయ్యకు ఒక జనరల్ తెలుసని బడిలో అందరికీ చెప్పుకున్నాను. నాకు నోరు కొంచెం ఎక్కువే, ఇప్పటికీ తగ్గలేదు. ఆ దొరతో నీకేం పని అని అడిగితే తాతయ్య ఎప్పుడూ ఒక్కటే చెప్పేవాడు. “ఆయనకు ఒక మాట చెప్పేదుంది బిడ్డా.” ఏం మాటో చెప్పేవాడు కాదు. ఏదో మేలు చేసి ఉంటాడు, దండం పెట్టి చెప్పుకోవాలనుకుంటున్నాడు అని నా లెక్క.

మాది పాలమూరు జిల్లాలో శ్రీరంగాపూర్‌కు దగ్గర్లోని ఒక చిన్న ఊరు. వానలు కురిస్తే చేను, కురవకపోతే మట్టి పని. సగం ఊరు గుంపులుగా దేశాల మీద పడి కట్టలు కట్టడానికీ, రోడ్లు వేయడానికీ పోయేది. మా అమ్మానాన్నలు అలా పోతే నేను అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగాను. వాళ్లిద్దరూ కూడా వయసులో ఉండగా ఆ పని చేసినవాళ్లే. ఎక్కడో కొండల్లో మిలిటరీ రోడ్డు వేస్తున్నప్పుడు, అప్పటికింకా మీసాలు సరిగా రాని ఒక కుర్ర అఫ్సరు పని చూసేవాడట. ఆయనే ఈయన.

కొన్నాళ్లకు ఆ జనరల్ కొలువు దిగాడు. దిగిన కొన్ని నెలలకే మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చాడు. ఈసారి తాతయ్య రెండు రోజులు ముద్ద ముట్టలేదు. అమ్మమ్మకు ఓపిక నశించింది.

“ఏందయ్యా ఇది? ఆయనకు కొలువొస్తే నువ్వు పస్తుంటవు! ఊరంత మిఠాయి పంచాల్సింది పోయి!”

తాతయ్య గోడ వైపు ఒత్తిగిల్లాడు. గవర్నరు వనపర్తికి వస్తున్నాడనీ, దారిలో మా దగ్గర జరుగుతున్న కాలువ తవ్వకం చూస్తాడనీ ఆ వారంలోనే తెలిసింది. అది వినగానే లేచి కూర్చుని, నా ధోతి ఉతుకు అన్నాడు అమ్మమ్మతో.

ఇక్కడ మట్టి పని గురించి కొంచెం చెప్పాలి. ఒక్కొక్క జంట ఒక్కొక్క గుంత తవ్వాలి. మగమనిషి తవ్వితే ఆడమనిషి గంపతో ఎత్తిపోస్తుంది. ఎంత లోతు తవ్వారో తెలియడానికి గుంత నడుమ ఒక మట్టి దిమ్మెను ముట్టుకోకుండా వదిలేస్తారు. దిమ్మె నెత్తి మీద పాత నేల, దాని గడ్డి అలాగే ఉంటాయి. దిమ్మె ఎంత ఎత్తుంటే గుంత అంత లోతని కొలత. మనవాళ్లు తెలివిమంతులు కదా, దిమ్మె మీద ఇంకొంచెం మట్టి మెత్తి, పక్కనుంచి గడ్డి పెళ్ల తెచ్చి అతికించేవాళ్లు. చూడ్డానికి అచ్చం పాత నేలలాగే ఉంటుంది. గీకితేనే బయటపడుతుంది.

గవర్నరు వచ్చే రోజు బడికి సెలవిచ్చి మమ్మల్నందరినీ షామియానా కిందికి తోలారు. నేను వరుసలోంచి తప్పించుకుని తాతయ్య పక్కన చేరాను. ఉతికిన ధోతి, నెత్తికి తెల్ల రుమాలు, గడ్డం కూడా గీయించుకున్నాడు. ఒక చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

గవర్నరు బక్కపలచని మనిషి. కనుబొమ్మ మీది గాటు నాకు కూడా కనబడింది. ఆయన హిందీలో మాట్లాడుతుంటే ఎవరో ఆఫీసరు తెలుగు చేస్తున్నాడు. ఆ తెలుగు కంటే మావాళ్లకు ఆ హిందీయే బాగా అర్థమైంది, తురక మాటలు మాకు అలవాటే కదా. కాలువ గుంతల్లోని దిమ్మెలను చూపించి ఆయన ఒక కథ మొదలుపెట్టాడు. తాను కుర్రాడిగా రోడ్డు పని చూస్తున్నప్పుడు ఒకరోజు చేతికర్రతో దిమ్మెలన్నీ గీకి చూశాడట. పది గుంతలు గీకితే పదీ దొంగ దిమ్మెలే. మనుషుల మీదే అసహ్యం పుట్టిందట. పదకొండో గుంతలో ఒక పాలమూరు మనిషి నిలబడి ఉన్నాడు. నీది కూడా గీకాలా అని అడిగితే, ఆ మనిషి సూటిగా కళ్లలోకి చూసి, అక్కర్లేదు సాబ్, ఇది అసలు నేలే అన్నాడట. తాను కర్ర వెనక్కి తీసుకున్నాడట.

ఆ రోజు నుంచే తనకు అఫ్సరు పని చేతనైందన్నాడు గవర్నరు. యుద్ధంలో ఒక సిపాయి వచ్చి ముందు దారి బాగుందంటే, రెండో మనిషిని అడగకుండా పటాలాన్ని నడిపించాడట. మనిషి మాట నమ్మడం తెలిసినందుకే ఇంతవాడినయ్యానని, ఆ పాలమూరు మనిషి కథను పోయిన ప్రతి చోటా జవాన్లకు చెప్పానని అన్నాడు. షామియానా మొత్తం చప్పట్లతో మోగిపోయింది.

నాకు ఒళ్లంతా పొంగిపోయింది. ఆ మనిషి ఎవరో నాకు తెలిసిపోయింది కదా! మా తాతే అని అరవబోయాను. తాతయ్య నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కాడంటే నోట్లోంచి మాట రాలేదు.

సభ అయిపోయి గవర్నరు గుంతల వైపు నడుస్తుంటే తాతయ్య నన్ను లాక్కుని జనంలోకి దూరాడు. పోలీసు కర్ర అడ్డం పెట్టాడు. అప్పుడు మా తాతయ్య, గుంత అడుగు నుంచి గట్టు మీదికి కేకేసే గొంతుతో అరిచాడు.

“సాబ్! పదకొండో గుంత నాదే సాబ్!”

గవర్నరు ఆగిపోయాడు. వెనక్కి తిరిగి, చేత్తో అందరినీ పక్కకు తప్పించి వచ్చాడు. తాతయ్య మొహంలోకి చాలాసేపు చూసి, రెండు భుజాలూ పట్టుకుని నవ్వాడు. పెద్దవాళ్లంతా నవ్వారు. ఫోటోలు తీసేవాళ్లు ఉరికొచ్చారు. మా ఊరి పెద్ద, గవర్నరు కోసం తెచ్చిన దండల్లో మిగిలినదాన్ని పట్టుకుని తాతయ్య వెనక నిలబడ్డాడు. నా కాళ్లు నేల మీద లేవు.

తాతయ్య నెత్తి మీది రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. వచ్చీరాని ఉర్దూలో, తడుముకుంటూ చెప్పాడు. నేను దాన్ని మా మాటలోనే రాస్తున్నాను.

“నేను చెప్పింది అబద్ధం సాబ్. నాది గూడ దొంగ దిమ్మెనే. మీరు గీకి ఉంటే దొరికిపోయెటోన్ని.”

గవర్నరు చేతులు మెల్లగా కిందికి జారాయి. ఎంత వేశావు అని అడిగాడు. తాతయ్య బొటనవేలు, చిటికెనవేలు చాచి జానెడు చూపించాడు. ఎందుకని అడిగాడు.

“నా పెండ్లాం కానుపై నాలుగు దినాలు సాబ్. గంప ఎత్తలేకపోయింది. కొలత తక్కువైతే జంటను వెళ్లగొడుతుండిరి. పసిగుడ్డుతోని గా కొండలు దిగి యాడికి పోవాలె?”

“ఆ బిడ్డ?”

తాతయ్య నన్ను ముందుకు నెట్టాడు. “గా బిడ్డ బిడ్డనే సాబ్ ఇది.”

గవర్నరు నన్ను చూశాడు. అలాంటి చూపు పిల్లల మీద ఎవరూ వేయరు, ఏదో ఎత్తూ లోతూ చూస్తున్నట్టు చూశాడు. నవ్వలేదు, కోప్పడలేదు. ఎవరో వచ్చి టైమైందని చెవిలో చెప్పారు. ఆయన వెనక్కి తిరిగి వెళ్లి కారెక్కాడు. దండ పట్టుకున్న పెద్దమనిషికి దాన్ని ఎవరి మెడలో వేయాలో తోచక, పందిరి గుంజకు తగిలించి పోయాడు.

ఆ తర్వాత మాకు మంచిరోజులేమీ రాలేదు. మర్నాడే సూపర్‌వైజర్లు వచ్చి కాలువ దిమ్మెలన్నీ గీకించారు. దొరికినవాళ్లంతా మా ఇంటి ముందుకొచ్చి తాతయ్యను తిట్టారు. బడిలో నన్ను ‘జానెడు’ అని పిలిచారు. అమ్మమ్మ అందరినీ తిట్టి పంపించి, లోపలికొచ్చి తాతయ్యను తిట్టింది. “అందరు చేసిందే నువ్వు చేసినవు. కడుపు కోసం చేసినవు. గదీ ఒక తప్పేనా?”

“మన్ను మెత్తినందుకు కాదే. గా పోరడు అఫ్సరు అడిగితే కండ్లల్లకు సూసి చెప్పిన. గది.”

విచిత్రమేమిటంటే, అంతమంది తిట్టిపోస్తున్నా తాతయ్య ఆ పూట నాలుగు జొన్నరొట్టెలు తిన్నాడు. ఇంకొకటి ఉందా అని కూడా అడిగాడు. అమ్మమ్మ రొట్టె గంప ఆయన ముందుకు తోసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

నేను మాత్రం మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాకు దక్కాల్సిన గొప్పతనాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడని నా కోపం. నాలుగో రోజు ఉండబట్టలేక అడిగేశాను. “ఎందుకు చెప్పినవ్ తాతా? ఆయనకు తెల్వనే తెల్వదు గద. ఊకుంటే ఏమైతుండె?”

ఆయన నన్ను దగ్గరికి లాక్కుని కాసేపు నా జడ సరిచేశాడు. “ఆయన మర్చిపోతే నేను గూడ మర్చిపోయెటోన్ని బిడ్డా. ఆయన మర్చిపోలే. పోయిన కాడల్లా గా కథ చెప్తున్నడని, పెద్ద కొలువుకు పోతున్నడని మన గుంపులోళ్లు కబురు తెస్తుండిరి. నన్ను మంచోడని మోసుకుంట తిరిగిండు ఇన్నేండ్లు. నాకు అన్నం ఎట్ల దిగుతది?”

నాకు ఆ వయసులో అది పూర్తిగా అర్థమైందని చెప్పను. కోపం మాత్రం పోయింది. ఆ దొర కథ ఇప్పుడు ఏమైపోతుంది, నిన్ను తిట్టుకుంటాడేమో కదా అని కూడా అడిగాను. అది ఆయన ఇష్టం, నా దగ్గరున్నది నేను దించుకున్నాను అన్నాడు. మరుసటి ఏడు గవర్నరును ఇంకో రాష్ట్రానికి మార్చారని తెలిసింది. నేను నర్సు ట్రైనింగులో ఉండగా తాతయ్య పోయాడు. ఆ గవర్నరు తన గురించి ఏమనుకున్నాడో తెలియకుండానే పోయాడు.

నేను రిటైరయ్యే ముందు నాగర్‌కర్నూల్‌లో ఒక చిన్న దవాఖానలో పనిచేశాను. ఒకరోజు లింగాల వైపు నుంచి ఒక రిటైర్డు సిపాయి బీపీ చూపించుకోవడానికి వచ్చాడు. మాటకారి. చేతికి పట్టీ కట్టి నేను గాలి కొడుతుంటే, ఈ కాలం పిల్లలకు మాట మీద నిలబడడం తెలియదని మొదలుపెట్టాడు.

“మా ట్రైనింగ్ అయిపోయిన పరేడ్‌కు ఒక గవర్నర్ వచ్చిండు సిస్టరమ్మా. పాత జనరల్. మన పాలమూరు మనిషి కథ చెప్పిండు. గది యాదికొస్తది నాకు.”

నా చెవుల్లో స్టెతస్కోపు ఉంది. చప్పుడు మీది నుంచి నా మనసు జారిపోయింది. పది దిమ్మెలు గీకిన సంగతి చెప్పాడు. పదకొండో మనిషి అబద్ధం చెప్పిన సంగతి చెప్పాడు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత, దండ వేయబోతుంటే రుమాలు తీసి చేతిలో పట్టుకుని ఆ మనిషి నిజం చెప్పిన సంగతి చెప్పాడు. అంతా ఉంది, జానెడు చూపించిన వేళ్లతో సహా.

“అప్పుడు గా గవర్నర్ ఏమన్నడంటే, ఆ దినం నేను గీకి ఉంటే నాకు జానెడు మన్ను దొరుకుతుండె, గీకనందుకు మనిషి దొరికిండు అన్నడు. ఎవలో గాని సిస్టరమ్మా, గొప్పోడు.”

చిన్నప్పుడు షామియానా కింద గొంతులోనే ఆగిపోయిన మాట ఇన్నేళ్లకు బయటికొచ్చింది.

“ఆయన మా తాత.”

ఆయన నా వైపు నోరు తెరుచుకుని చూశాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. గాలి మొత్తం దిగిపోయి, పాదరసం అడుక్కి చేరింది. నేను ఏ అంకె దగ్గర చప్పుడు మొదలైందో, ఎక్కడ ఆగిందో వినలేదు. మనిషి గట్టిగానే ఉన్నాడు, పోయినసారి అంకె పుస్తకంలో ఉంది, అదే మళ్లీ రాసినా అడిగే దిక్కు లేదు. బయట ఇంకా ఇరవై మంది కూర్చుని ఉన్నారు. పెన్ను కాగితం దాకా వెళ్లింది కూడా. పక్కన పెట్టి పట్టీ విప్పి మళ్లీ చుట్టడం మొదలుపెట్టాను. ఎందుకమ్మా, అయిపోలేదా అన్నాడాయన.

“ఇందాక నేను సరిగ ఇనలే అన్నా,” అన్నాను. “చెయ్యి జర ఇట్ల పెట్టు, మల్ల సూస్త.”