అమ్మబోయే ఇంటి ముందు షామియానా

మా మేనత్త ఇంటిని త్వరగా అమ్మబోయి, ఒక వీధి వీధినంతా ఏడిపించి, కొనవచ్చిన పెద్దమనిషిని పారిపోయే దాకా తెచ్చిన ఘనత నాది. కొలతల్లో ఒక్క అంగుళం కూడా తప్పకుండా ఇంత ప్రమాదం ఎలా తేవచ్చో తెలుసుకోదలచినవారు కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

నెల్లూరు దగ్గర కోట అనే ఊళ్ళో టీచరుగా పనిచేసి రిటైరైన మా మేనత్త, తన పెంకుటింటిని నాకూ మా చెల్లెలు సులోచనకూ రాసి కన్నుమూసింది. సులోచనకు మోకాళ్ళు అరిగిపోయాయి. నెల్లూరులో మేడ మీద అద్దెకుంటూ, మెట్లు దిగలేక ఆసుపత్రికి వెళ్ళడమే మానేసింది. ఆ ఆసుపత్రి పక్క సందులోనే కింది అంతస్తులో ఒక చిన్న ఇల్లు అమ్మకానికి వచ్చింది. యజమాని నెలాఖరు దాకా మాత్రమే ఆగుతానన్నాడు. కోట ఇల్లు అమ్మితేనే అది కొనగలం. తొందరంతా అందుకే.

నేను ఉద్యోగమంతా కాలువలు కొలిచి బతికినవాణ్ణి. మనిషి మాట కంటే టేపు మాట మీద నాకు గురి ఎక్కువ. కోట బజారులో బట్టల అంగడి నడిపే మస్తాన్ గారు, ఆదివారం సాయంత్రం భార్యతో వచ్చి ఇల్లు చూస్తానన్నారు. ఇల్లు బాగా కనిపిస్తే బేరం త్వరగా కుదురుతుందని గోడలకు సున్నం వేయించాను. తలుపులకు రంగు వేయించాను. వాళ్ళకు ఎండ తగలకూడదని వాకిట్లో షామియానా కట్టించి కుర్చీలు తెప్పించాను. ఇల్లు అమ్ముతున్నామన్న సంగతి మాత్రం వీధిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే వంద సలహాలు వస్తాయి, ఒక్కదానికీ కొలత ఉండదు.

పాఠకులారా, మా క్రైస్తవుల వీధిలో కొత్త సున్నం, షామియానా, కుర్చీలు ఒకచోట కనిపిస్తే దానికి అర్థం ఒక్కటే: గృహ ప్రతిష్ఠ, అంటే ఇంట్లో కాపురానికి దిగేవాళ్ళ కోసం జరిపే ప్రార్థన. పిలుపు రాకపోతే తొందరలో మరిచిపోయారనుకుంటారే గాని, రావడం మానుకోరు. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ రోజు తట్టలేదు, అంతే.

ఇంట్లో సగం తనది కనుక బేరానికని ఎలాగో మెట్లు దిగి వచ్చిన సులోచన, ఆటో దిగేసరికి వీధి ఆడవాళ్ళంతా స్టీలు గిన్నెలతో, గోడ గడియారాలతో వాకిట్లో ఉన్నారు. పక్కింటి కరుణమ్మ ఆమెను కావలించుకొని, "వచ్చేసినావా అక్కా. టీచరమ్మ ఇంట్లో ఇంక దీపం వెలగదేమో అనుకున్నాం" అని ఏడ్చింది. సులోచన నా వైపు చూసింది. నేను షామియానా గుంజ నిటారుగా ఉందో లేదో పరిశీలించసాగాను.

మస్తాన్ గారి దంపతులను ఎవరో ముందు వరసలో కూర్చోబెట్టారు. పాస్టరు గారు వచ్చి, ఈ సహోదరి ఈ ఇంట్లో నిండు నూరేళ్ళు ఉండాలని ప్రార్థించి, ఇంటి పెద్దగా నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇది అమ్మకపు ఇల్లని అంకెలతోనే సూచించవచ్చునని నేను లేచాను.

"ఈ గోడల మందం పద్దెనిమిది అంగుళాలు."

"స్తోత్రం" అంది సభ.

"రొయ్యల గుంటలు ఇంత దగ్గరున్నా, బావి నీరు ఉప్పెక్కలేదు."

"స్తోత్రం, స్తోత్రం."

దూలాల పొడవు దగ్గరికి వచ్చేసరికి వెనక వరస కళ్ళు తుడుచుకుంటోంది. నా జీవితంలో ఏ కొలతకూ అంత గౌరవం దక్కలేదు.

మస్తాన్ గారు నెమ్మదిగా నా పక్కకు వచ్చారు. "సార్, ఇల్లు బాగుండాది. కానీ ఈయమ్మను లేపి నేను చేరినానని ఊరు అనుకుంటే, రేపట్నించి నా అంగట్లో జాకెట్టు గుడ్డ కూడా ఎవరూ కొనరు. నన్నొదిలేయండి."

నేను ఆయనకు గోడల మందం మరొకసారి చెప్పాను.

అప్పుడు సులోచన కుర్చీ పట్టుకొని లేచింది. "కరుణమ్మా, నేను ఉండేదానికి రాలేదు. మోకాళ్ళు పోయినాయి. నెల్లూరులో ఆసుపత్రి పక్కన ఇల్లు చూసుకున్నా. మస్తానన్న దీన్ని కొంటేనే అది నాకు దక్కేది. మా అన్న మీకు ముందే చెప్పుండాల్సింది. ఆయనకు మనుషులతో కంటే గోడలతోనే మాటలెక్కువ."

 కరుణమ్మ తాను తెచ్చిన కుక్కరును సులోచన చేతికిచ్చింది. "అట్లయితే ఇది నెల్లూరికే తీసుకపో అక్కా." ఆపైన మస్తాన్ గారి వైపు తిరిగింది. "నువ్వు మాత్రం బావి కాడ గోరింట చెట్టు కొట్టించబాక."

"దాన్ని చూసే మా ఇంట్లో వాళ్ళు ఈ ఇల్లే కావాలంటా ఉండారు. నేనెందుకు కొట్టిస్తానమ్మా" అన్నారాయన.

నా పద్దెనిమిది అంగుళాల గోడను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పాస్టరు గారు ఈసారి మస్తాన్ గారి కుటుంబం కోసం ప్రార్థించారు. మస్తాన్ గారు మసీదులో లాగే రెండు అరచేతులూ చాచి "ఆమేన్" అన్నారు. నెలాఖరుకు ముందే రెండిళ్ళ రిజిస్ట్రేషన్లూ అయిపోయాయి.

బుద్ధి వచ్చినవాణ్ణి కనుక, నెల్లూరు ఇంటికి సున్నం వేయించలేదు, షామియానా కట్టించలేదు, ఎవరికీ చెప్పలేదు. చేరిన రోజు మేమిద్దరమే. సులోచన గుమ్మంలో కూర్చొని పొద్దు గూకే దాకా సందు వైపు చూసింది. ఆమెను ఉత్సాహపరచడానికి, వాకిలి మెట్టు ఎత్తు నాలుగు అంగుళాలేనని తెలియజేశాను.

"మెట్టు తక్కువే అన్నా. ఎక్కేవాళ్ళే లేరు" అంది.

కాబట్టి పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఎందుకో చెప్పకుండా ఎక్కడా షామియానా వేయను, వేయవలసిన చోట వేయకుండా ఉండను. దీనికి సాక్షులు కరుణమ్మ, మస్తాన్ గారు, మరుసటి ఆదివారం నా పిలుపు మీద కోట నుంచి వచ్చి, నెల్లూరు షామియానా ముందు వ్యాను దిగిన తక్కిన వీధి.