పొయ్యి వెలిగించని ఆదివారం

ఆదివారం విశ్రాంతి దినమని ఎవరైనా అంటే ఈ మధ్య నాకు ఒళ్ళు మండుతోంది. నా ఆదివారం ఎలా ఉంటుందో చెప్తాను. ఎనిమిదింటికి సండే స్కూలు. పదింటికి ఆరాధన, ఒంటిగంటన్నర దాటితే గాని వదలరు. మూడింటికి స్త్రీల కూడిక. డిసెంబరు దగ్గర పడితే ఐదింటికి క్రిస్మస్ పాటల ప్రాక్టీసు. ఊళ్ళో డిగ్రీ చదివిన కోడల్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆహ్వాన పత్రికలో తప్పులు దిద్దడం, నాటకంలో గొర్రెల కాపరులకి మాటలు నేర్పడం కూడా నా మీదే పడ్డాయి. వీటి మధ్యలో మా స్కూలు టీచర్ల గ్రూపులో మెసేజ్ వస్తుంది, పిల్లల వివరాలు సాయంత్రంలోగా పంపాలని. సిగ్నల్ కోసం చర్చి వెనక గట్టెక్కాలి. నేను గట్టెక్కి ఫోను పైకెత్తి నిలబడితే, దేవుడికి చెయ్యెత్తానని లోపలివాళ్ళు అనుకుంటారు.

మిగతా ఆరు రోజులూ ఆరున్నరకి జీపెక్కి, కొండ దిగి, ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో పాఠాలు చెప్పి, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరతాను. మా పాపకి ఏడాదిన్నర. దాన్ని మా అత్త చూస్తుంది. నేను బయల్దేరేటప్పటికి పాప లేవదు, వచ్చేటప్పటికి అత్త భుజం మీద కళ్ళు మూతలు పడుతుంటాయి. జలుబు చేస్తే జీపులో కూర్చుని ఫోన్లో లేనిపోని రోగాలన్నీ చదువుకుంటాను. బరువు తూచిన రోజు ఆ అంకె నా తలలో వారమంతా తిరుగుతుంది. అయితే అసలు భయం అది కాదు. పాప మా అత్తని "అమ్మ" అంటుంది. వాళ్ళ నాన్నని నాన్న అంటుంది. నన్ను ఏమీ అనదు. అత్త కనబడకపోతే నా చేతుల్లో వెనక్కి విరుచుకుపడి ఏడుస్తుంది. వారంలో ఒక్క మధ్యాహ్నం అది నా పక్కన నిద్రపోతే చాలనుకున్నాను. అంతకన్నా పెద్ద కోరిక నాకేమీ లేదు.

ఆ రోజుల్లోనే మా పాస్టరుగారు విశ్రాంతి దినం గురించి వరసగా నాలుగు ఆదివారాలు ప్రసంగించారు. ఒక్కోటీ గంటన్నర. నాలుగోది విన్నాక ఇంటికొచ్చి నా భర్తతో చెప్పేశాను, ఇకనుంచి ఆదివారం ఆరాధన అయ్యాక మనింట్లో పొయ్యి వెలగదు, ఫోను పెట్టెలో ఉంటుంది, నేను ఏ కూడికకీ వెళ్ళను. బైబిల్లో ఎడారి దాటినవాళ్ళు దేవుడు కురిపించిన మన్నా ఆహారాన్ని ఆరో రోజు రెండింతలు ఏరుకున్నట్టు శనివారమే అన్నీ వండేస్తానన్నాను.

"సరే. మరి టీ ఎవలెడతారు?" అన్నాడాయన.

మొదటి ఆదివారం అరకు చూడ్డానికని మైదానం నుంచి చుట్టాలొచ్చారు. రెండో ఆదివారం, శనివారం కోసిన కాఫీ పండ్లు బస్తాల్లో ఉండిపోయాయి. తొక్క తీసే మిషను ముందురోజు మొరాయించింది. పండు ఆగదు, పులిసిపోతుంది. సాయంత్రం దాకా మిషను తిప్పి, తొక్కలు ఎత్తి, గింజలు కడిగాం. మూడో ఆదివారం పాస్టరుగారి భోజనం వంతు మాది.

వంతంటే తెలియనివాళ్ళకి చెప్తాను. మా పాస్టరుగారు నాలుగు కొండ ఊళ్ళు చూసుకుంటారు. భార్యని బండి వెనక ఎక్కించుకుని వస్తారు. ఆరాధన అయ్యాక ఒక్కో ఆదివారం ఒక్కో ఇంట్లో వాళ్ళకి భోజనం. కోడికూర తప్పదు. ఆ ఇంటి ఆడది ప్రసంగమంతా కూర అడుగంటిందేమోనని కిటికీలోంచి తన ఇంటి పొగ చూస్తూ కూర్చుంటుంది.

ఆ శనివారం ఒంటిపూట సెలవు పెట్టి నేను జీపు దిగి వచ్చేసరికి అత్త పుంజుని గంప కింద మూసి, గంప మీద రాయి పెడుతోంది.

"రేపు కొయ్యడానికి," అంది.

"రేపు పొయ్యి వెలిగించను అత్తా. అన్నీ ఇవాళే చేసేస్తాను."

"అయ్యగారికి సద్ది కూడెడతావేటి?"

"చోడి అంబలి పోస్తాను. అది ఎలాగూ ముందురోజు కాచిందే బాగుంటుంది కదా. ఎండుచేపల పులుసు కూడా రేపటికి ఊరుతుంది."

"ఓలమ్మో, అంబలే! దేవుడి మనిషికి అంబలి పోత్తే ఊరు నన్ను బతకనిత్తాదేటే? సదువుకున్న కోడలు ఏం పెట్టిందో సూడండని పెళ్ళిళ్ళలో సెప్పుకుంటారు."

"చెప్పుకోనీ."

"పోనీ నువ్వు ముట్టుకోకు. నానే కోత్తాను, నానే వండుతాను. నీ విశ్రాంతేదో నువ్వు సేసుకో."

నాకు చిర్రెత్తింది. "నేను కూర్చుని, నువ్వు వండితే అదేం విశ్రాంతి అత్తా?"

అత్త నడుం నిటారు చేసి నన్ను చూసింది. "ఈయేల తెలిసిందేటి నీకు?"

తర్వాత గంప పక్కనే కూలబడి చెప్పింది. "మా నాన వారానికో రోజు నాగలి కట్టీవోడు కాదు. ఎడ్లకి సెలవు. అప్పటికి మాకు సర్చీ లేదు, ఏటీ లేదు. ఆ రోజు ఎడ్లు తొంగునేవి, మా నాన తొంగునేవోడు. ఆటికి గడ్డి కోసి తెచ్చింది ఎవలనుకున్నావు? మా యమ్మ. సెలవులు గొడ్లకీ, మగోళ్ళకీనే పిల్లా. నువ్వేటో కొత్తది కనిపెట్టినావు."

నేను గోడ వైపు చూశాను. ఆదివారం చెయ్యకూడని పనులని నేను ఒక కాగితం మీద రాసి గోడకి అంటించాను. వంట, ఫోను, కూడికలు, పాటలు. అందులో మేకలకి ఆకు లేదు, ఊట దగ్గర్నుంచి నీళ్ళు లేవు, పాప బట్టలు లేవు. అవన్నీ అత్త పనులు. మూడు వారాలుగా ఆ కాగితం అక్కడే వేలాడుతున్నా నాకు తట్టలేదు. దాన్ని చదవడం రాని మనిషికి మాత్రం తెలుసు.

కోపం నా మీద నాకే వచ్చింది గాని, చూపించింది నా భర్త మీద. "రేపటికి సరిపడా ఆకు ఇవాళే కొట్టి తే," అన్నాను.

"నానా? విశ్రాంతి అన్నావు కదా?"

"అది రేపు."

ఆయన ఆకు తెచ్చాడు. నేను డ్రమ్ములు నింపి, పాప బట్టలు ఉతికి, అంబలి కాచి, పులుసు పెట్టాను. అత్త గంప మీద రాయి మాత్రం తియ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం పాస్టరుగారి ముందు గిన్నెలో రాగి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, చల్లారిన పులుసు పెట్టాను. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని తలుపు వెనక నిలబడింది.

"ఏటమ్మా, కోడి ఎగిరిపోయిందేటి?" అన్నారాయన.

వాకిట్లో గంప కింద నుంచి పుంజు కూసింది. నేను గిన్నె ఆయన వైపు జరిపాను. "అయ్యగారూ, నాలుగు వారాలు విశ్రాంతి గురించి మీరే చెప్పారు కదండీ."

"సెప్పినాను గానీ, ఎవలన్నా ఇంటన్నారని అనుకోలేదు," అని ఆయన గిన్నె ఎత్తారు. రెండోసారి కూడా పోయించుకున్నారు. పొద్దున్న కింద ఊళ్ళో కోడి, రాత్రికి పై ఊళ్ళో కోడి అట.

"అరక్కపోతే రాత్రంతా నాకు సెప్తారు," అన్నారు పాస్టరమ్మగారు. తినగానే అలవాటుగా లేచి గిన్నెలు ఎత్తబోయారు.

"ఒగ్గీయండమ్మా," అంది అత్త సణుగుతూ. "మా కోడలు ఈయేల గిన్నెలు కూడా తోమనివ్వదట."

పాస్టరమ్మగారు ఏం చెయ్యాలో తెలియనట్టు గది మధ్యలో కాసేపు నిలబడ్డారు. తర్వాత అరుగు మీద ఎండ పడుతున్న చాప మీద కూర్చుని, గోడకి ఆనుకుని, అలాగే ఒరిగి నిద్రపోయారు. పై ఊరు వెళ్ళాల్సిన పాస్టరుగారు ఆవిణ్ణి లేపలేదు. తిరిగొచ్చేటప్పుడు తీసుకెళ్తానని సైగ చేసి, బండి స్టార్టు చెయ్యకుండా మలుపు దాకా తోసుకెళ్ళారు. మూడింటికి కూడికని వచ్చిన ఆడవాళ్ళు, కూడిక జరిపించే మనిషి నోరు తెరిచి నిద్రపోతుంటే చూసి, నవ్వు ఆపుకుంటూ వెళ్ళిపోయారు. నడుం వాలుస్తానని ఆవిడ పక్కన పడుకున్న అత్త గురక మొదలుపెట్టింది. లోపల మంచం మీద నా భర్త కూడా అంతే.

ఇంతా చేసి మెలకువగా ఉన్నది నేనూ, పాపా.

దానికి నిద్ర లేదు. అత్త చెంప మీద తట్టి "అమ్మ" అంది. ఇంకోసారి తట్టింది. అత్త కదల్లేదు. నేను పిలవలేదు. పిలిస్తే రాదని భయం. అది పాస్టరమ్మగారిని చూసి పెదవి విరిచింది. లోపలికి వెళ్ళి నాన్న కాలు లాగింది. ఇంకెవరూ దొరక్క చివరికి నా దగ్గరికి వచ్చి, నా వైపు వీపు పెట్టి ఒళ్ళో కూర్చుంది.

తర్వాత నన్ను కూర్చోనిస్తే కదా! పుంజుని చూపించమంది. గంప ఎత్తమంది. బూడిద తినబోయింది. నీళ్ళు కావాలంది, ఇస్తే నా మీద పోసింది. ఎత్తుకుని వాకిలంతా తిప్పి తిప్పి నా నడుం విరిగింది. వారమంతా కలగన్న విశ్రాంతి ఇదా అని ఏడుపొచ్చింది. పాటల ప్రాక్టీసుకి గంట కొట్టారు. పెట్టెలో ఫోను మోగి మోగి ఆగిపోయింది. అప్పుడు దాని తల నా మెడ మీద బరువుగా వాలింది. నేను గుమ్మంలో నిలబడినదాన్ని అలాగే నిలబడిపోయాను, కూర్చుంటే లేస్తుందేమోనని.

అత్త ఉలిక్కిపడి లేచింది. "ఓలమ్మా, ఎండ దిగిపోనాది! నన్ను లేపలేదేటే?" కళ్ళు నులుముకుని నన్ను చూసి పాప కోసం చేతులు చాపింది. "గుంటని ఇలాగివ్వు. నీ సెయ్యి పట్టీసుంటాది."

"ఇవ్వను," అన్నాను.

అత్త ఒకసారి పొయ్యి వైపు చూసింది. మళ్ళీ చాప మీద పడుకుంది.