బంపరులోంచి జారిపోయిన గొట్టం

ఆ రోజుల్లో మా వైపు ఒక కుర్రాడికి ఉద్యోగం దొరికిందంటే ఏం పని అని అడిగేవారు కాదు, ఎవరి దగ్గర అని అడిగేవారు. తాలూకాఫీసు అంటే ఒక మర్యాద, రైల్వే అంటే ఇంకొంచెం ఎక్కువ మర్యాద. నేను "దొర దగ్గర" అని చెప్పుకోగలిగాను కాబట్టి రెండో ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. వేసి ఉంటే ఏం చెప్పేవాణ్నో నాకే తెలియదు. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. పి.యు.సి. తప్పి (ఒక్క సబ్జెక్టే, మా ఇంట్లో మాత్రం మూడని చెప్పుకునేవారు) మా వరి పొలాల గట్ల మీద ఊరికే తిరుగుతున్న కాలం. పులికాటు సరస్సుకు వచ్చే పక్షుల మీద పుస్తకం రాయడానికి ఒక దొర, దొరసాని మద్రాసులో ఓడ దిగారనీ, ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చిన కుర్రాడు కావాలంటున్నారనీ తెలిసి వెళ్లాను. తీసుకున్నారు.

వాళ్లతోపాటు వాళ్ల ఇల్లు కూడా ఓడ దిగింది. జీపు వెనక తగిలించి లాక్కుపోయే రేకుల ఇల్లు. లోపల రెండు పడకలు, ఒక మడత బల్ల, ఒక కిరసనాయిలు పొయ్యి, చివర చిన్న గదిలో పాయిఖానా. ఏ ఊళ్లో ఆగినా జనం వరసగా వచ్చి మొదటి మూడూ చూసి ముక్కున వేలేసుకునేవారు. నాలుగోది చూసి, ఇంట్లోనేనా, అదీ పొయ్యికి నాలుగడుగుల దూరంలోనా అని మొహం తిప్పుకునేవారు. నా ఉద్యోగం ఆ నాలుగోదానికి సంబంధించింది.

మొదటి రోజే దొరసాని నన్ను ఇంటి వెనక్కి తీసుకుపోయి, నేల మీద మోకాళ్లూని కూర్చుని అంతా చేసి చూపించింది. ఇంటి కింద ఒక తొట్టి ఉంటుంది. మూడు రోజులకొకసారి గుంట తవ్వి, నల్ల రబ్బరు గొట్టం తొట్టికి తగిలించి, మర తిప్పి అంతా గుంటలోకి వదలాలి. అసలు పని ఆ తరవాతే. గొట్టాన్ని ఫినాయిలు నీళ్లతో రెండుసార్లు కడగాలి. ఒక కొస భుజం దాకా ఎత్తి రెండో కొస వరకూ నడుచుకుంటూ పోయి లోపలి నీరంతా కార్చెయ్యాలి. ఎండలో ఆరబెట్టాలి. రెండు కొసలకూ మూతలు పెట్టాలి. ఇంటి వెనక బంపరు లోపల బోలుగా ఉండేది, అవతలి కొసకు చిల్లుల రేకు బిగించి ఉండేది. గొట్టాన్ని అందులోకి దూర్చి, బంపరు మూత మర బిగించాలి. తాగే నీళ్ల గొట్టం వేరే, తెల్లది, అది లోపల అలమరలో ఉండేది. "ఈ గొట్టమునకు ఆ గొట్టముతో మాటలు లేవు" అంది దొరసాని, మునిషీ దగ్గర నేర్చుకున్న తెలుగులో. ఇంటికి రాసిన ఉత్తరంలో మాత్రం నేను "పరిశోధనలో తోడ్పడుతున్నాను" అని రాశాను.

జీపు నడిపే ఆయన్ని అందరూ హారనన్న అనేవారు. (ఎదురుగా మేక లేకపోయినా, ఉంటుందేమోనని హారన్ కొట్టేవాడు.) నేను చుట్టూ మనుషులు లేని సమయం చూసుకుని గొట్టం పని దొంగతనంలా ముగించడం చూసి ఆయన నవ్వేవాడు. "చేసే పనికి సిగ్గేంది తమ్ముడా? ఆయమ్మే మోకాళ్లేసి చూపిచ్చింది గదా!" అనేవాడు. ఆయమ్మ మోకాళ్లేసింది నిజమే, కాని ఆయమ్మ మా ఊరిది కాదు కదా.

ముత్తుకూరులో పదిహేను రోజుల మకాం అయ్యాక తడ దగ్గరికి మారాలన్నారు. బయలుదేరే ఉదయం జీపుకు ఇల్లు తగిలించారు. ఊళ్లో సగం మంది చుట్టూ చేరారు. నేను వెనకవైపు, ఆరిన గొట్టం చేతుల్లో పట్టుకుని బంపరు దగ్గర నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే బస్సు దిగి, ఇస్త్రీ పంచె, భుజాన కండువాతో మా పెదనాన్న నడిచి వస్తున్నాడు. దొర కొలువులో ఉన్న తమ్ముడి కొడుకుని చూసిపోదామని నెల్లూరు పనిమీద వచ్చినవాడు ఇంత దూరం వచ్చాడు. నేను గొట్టాన్ని ఒక్క తోపు తోసి బంపరులోకి పంపించి, ఆ కన్నానికి కాళ్లు అడ్డం పెట్టి నిలబడ్డాను.

"ఏందిరా, ఇదేనా దొర ఇల్లు? చేతిలో ఏందో నల్లంగా ఉండింది, ఏందది?"

"ఏం లేదు పెదనాన్నా, సామాను."

"అట్నా. నువ్వేం జేస్తావు ఈడ?"

"పక్షుల్ని చూస్తాం."

"చూసేదానిక్కూడా మనిషిని పెట్టుకుంటారా!" అని ఆయన మెచ్చుకోలుగా నా భుజం తట్టాడు. అంతలో హారన్ మోగింది. నేను ఒక్క పరుగున పోయి జీపెక్కాను. పెదనాన్న రోడ్డు మీద నిలబడి పక్కవాళ్లకు నన్ను చూపిస్తున్నాడు. బంపరు మూత నా చొక్కా జేబులో ఉంది.

మర్నాడు తడలో, గుంట తవ్వి వచ్చాక, దొరసాని "గొట్టము ఏది?" అంది. వంగి చూశాను. బంపరులోంచి అవతలి వెలుతురు కనిపిస్తోంది. ఆమె కోప్పడలేదు. దొర కూడా గట్టిగా ఏమీ అనలేదు. "దొరికినవాళ్లు దాన్ని నీళ్లకు వాడతారు" అని మాత్రం అన్నాడు. ఆ ఆలోచన నాకు అప్పటిదాకా రాలేదు. కలరా అంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా చిన్నతనంలో మా వీధిలోనే దాని దెబ్బకు ఒక ఇల్లు తలుపులు వేసుకుంది. నా ఉద్యోగం, పరువు అన్నీ ఆ క్షణాన మరిచిపోయాను. పోయి జీపులో కూర్చున్నాను.

వచ్చిన దారినే వెనక్కి పోతూ నేనూ హారనన్నా కనిపించిన ప్రతి మనిషినీ అడిగాం. సూళ్లూరుపేటలో ఎవరూ చూడలేదు. నాయుడుపేట ఇంకా రెండు మైళ్లుందనగా గొర్రెలు తోలుకుపోతున్న ఒక ముసలాయన ఆగి, "ఏనుగు తొండం మాదిరి ఉండేదేనా? కొత్త చర్చి కాడికి తీసకపోయినారు. ఆడ ఈ పొద్దు భోజనాలు" అన్నాడు. హారనన్న ఆ చర్చి చేరేదాకా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

చర్చి చిన్నది, సున్నం తడి కూడా ఆరలేదు. పక్కన పందిరి కింద గాడిపొయ్యి, దాని మీద రెండు పెద్ద అండాలు. బావి పక్కన ఎత్తైన సిమెంటు తొట్టి. ఆ తొట్టి మూతికి తడిగుడ్డతో బిగించి కట్టిన మా గొట్టం, పందిరి దాకా సాగి, అండాలోకి ధారగా నీళ్లు పోస్తోంది. దాని పక్కనే నడుముకు కొంగు బిగించిన పాస్టరమ్మ నిలబడి ఉంది.

"రాండి నాయనా, భోజనాల పొద్దుకే వచ్చినారు" అంది.

"అమ్మా, ఆ గొట్టం..."

"చూసినావా! వారం దినాలుగా మోకరించి అడగతా ఉండా, ఇంత మందికి నీళ్లు మోసేదెట్టా తండ్రీ అని. నిన్న రోడ్డు మీద పడేసినాడు. పాస్టరుగారు పొద్దన్నే ప్రార్థనలో దీనికి స్తోత్రం గూడా చెప్పినారు."

"అది దొరగారిదమ్మా. బండిలోంచి జారిపోయింది."

"జార్చింది ఎవురు మరి? భోజనాలు కానీ, శుభ్రంగా కడిగి ఇస్తాం, తీసకపో."

కడిగి ఇస్తాం అన్న మాటకు హారనన్న గట్టిగా దగ్గాడు. నేను ఆయన వైపు చూశాను, నువ్వు చెప్పన్నా అన్నట్టు. "నువ్వే చెప్పాల" అన్నాడు ఆయన, నేల చూస్తూ.

"దాంట్లో మందు పోసి ఉందమ్మా" అన్నాను.

"ఏం మందు?"

"ఫినాయిలు."

"అదా వాసన! అయితే మంచి శుభ్రమైన గొట్టమే." ఆమె నా మొహం చూసి జాలిపడి, గొట్టం కొస కింద చెంబు పట్టి నింపి నా చేతికిచ్చింది. "ముందు దాహం తీర్చుకో అబ్బయ్యా. ఇప్పుడే పెట్టినాం, ఇంకా ఎవురూ తాగలేదు, నువ్వే మొదులు."

చెంబు పట్టుకున్నాను. చుట్టూ నలభై యాభై మంది ఉన్నారు. వాళ్లలో మా ఊరి వైపు మనుషులు ఎవరైనా ఉన్నారా అని, అబద్ధం ఎందుకు, ఆ సమయంలో కూడా ఒకసారి వెతికి చూశాను. తరవాత, అనుకున్నదానికంటే చాలా గట్టిగా, "అమ్మా, అది పాయిఖానా గొట్టం" అన్నాను. పప్పు కలుపుతున్నాయన చేతిలో తెడ్డు ఆగిపోయింది. "దొరగారి ఇంట్లోది గుంటలోకి వదిలే గొట్టం. వదిలేది నేనే, కడిగేది నేనే. మూత బిగించకుండా పోగొట్టింది కూడా నేనే."

పాస్టరమ్మ నా చేతిలోంచి చెంబు తీసుకుని ఇసకలో కుమ్మరించింది. ఒక్క క్షణం గొట్టాన్ని, ఒక్క క్షణం ఆకాశాన్ని చూసింది. (అక్కడ ఎవరితో ఏం మాట్లాడుకుందో నాకు తెలియదు.) ఆ తరవాత ఆమెలో తడబాటన్నదే లేదు. "పొయ్యిలో కట్టెలు లాగెయ్యండి. ఆ అండాల్లోది ఎవురూ ముట్టబాకండి. కొస బావిలో పడిందా? లేదు గదా, సరే." రెండు అండాలూ దూరంగా బోర్లించారు. బూడిద, ఇసక వేసి తోమి, మసిలే నీళ్లతో కడిగారు. ఆమె రెండు చేదలు తెచ్చి మా ఇద్దరి ముందు పెట్టింది. "గొట్టం పాయె, మీరు వచ్చినారు. చేదండి."

చేదాం. అరచేతులు బొబ్బలెక్కి పగిలేదాకా చేదాం. పన్నెండింటికి కావలసిన భోజనాలు నాలుగింటికి అయ్యాయి. నన్ను మొదటి వరసలో కూర్చోబెట్టి, "చేతులు కడుక్కున్నావా?" అని ఆమె రెండుసార్లు అడిగింది. పాస్టరుగారు మళ్లీ ప్రార్థన చేశారు. బావికీ, బియ్యానికీ స్తోత్రం చెప్పి, గొట్టం రావలసిన చోట కొంచెం ఆగి, "దూరం నుంచి వచ్చిన ఈ బిడ్డల కోసం" అని ముందుకు సాగిపోయారు.

కథ మా ఇంటికి నాకంటే ముందే చేరింది. నెల తరవాత పోతే అమ్మ పెరట్లోనే నిలబెట్టి రెండు బిందెలు గుమ్మరించి గాని లోపలికి రానివ్వలేదు. పెదనాన్న మాత్రం నా పని గురించి ఒక్క మాట అనలేదు. "పనిముట్టు నీ చేతికిచ్చినారు. మూత ఎందుకు బిగించలేదురా?" అని అడిగాడు. మీరు వచ్చినందుకే అని చెప్పలేక తల వంచుకున్నాను. తడకు తిరిగి వెళ్లాక పట్టపగలే, ఎవరు చూస్తున్నా, గొట్టం కడిగి ఆరబెట్టి మూత బిగించడం అలవాటు చేసుకున్నాను. చూడటానికి ఎవరూ ఆగలేదన్నది కొంచెం నిరాశ కలిగించిన మాట నిజం.

దొర వెళ్లిపోతూ టైపు చేసి ఒక సర్టిఫికెట్ ఇచ్చాడు. పక్షుల గురించి ఒక లైను, గొట్టం గురించి నాలుగు లైన్లు. మరుసటి ఏడు ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకి పోతే, ముగ్గురిలో పెద్దాయన అది చదివి కళ్లజోడు తీసి, "ఏమిటోయ్ ఈ గొట్టం?" అన్నాడు. చెప్పాను. కడగడం, కార్చడం, ఆరబెట్టడం, రెండు కొసల మూతలు, బంపరు మర, తెల్ల గొట్టంతో మాటలు లేకపోవడం, అన్నీ. మధ్యలో ఒకాయన కలం కింద పెట్టేశాడు. ఇంకొకాయన బయట ఇంకా పదిమంది ఉన్నారని గుర్తు చేశాడు. చివరికి పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఉద్యోగం ఇచ్చారు. ముప్పై ఏళ్ల పైగా అక్కడే చేశాను, ఎన్నో మీటింగుల్లో కూర్చున్నాను. కాని అంత వివరంగా, అంత ధైర్యంగా, అంత తెలిసినవాడిలా మళ్లీ ఏ విషయం మీదా మాట్లాడినట్టు నాకు గుర్తు లేదు.