నేను మార్చిన వాషర్లు

ఆరేళ్లుగా ఇది నా లోపల ఉంది. బరువు అని రాయబోయి ఆగాను. బరువైతే ఎక్కడో ఒకచోట దించుకుని భుజం రుద్దుకోవచ్చు. దీన్ని దించే చోటు నాకు దొరకలేదు. ఒక మనిషి తన చెయ్యి పనికిరాకుండా పోయిందని నమ్మి బతుకుతున్నాడు. ఆ చేతిలో ఏ తప్పూ లేదని నాకు తెలుసు. తెలిసీ ఆరేళ్లు నోరు మూసుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. వరుసగా చెప్పనివ్వండి. వరుస తప్పితే నాకు మాట రాదు.

మాది ఏలూరు వైపు. ఘట్‌కేసర్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కార్ల షెడ్డులో సూపర్‌వైజరుగా చేరాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. షెడ్డులో పెద్ద మెకానిక్ నర్సింహ. అందరికీ నర్సన్న. జనగామ నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా బండ్ల కిందే బతికినవాడు. టీ గ్లాసు పట్టుకుంటే ఆయన వేళ్లు సన్నగా వణికేవి. పానా పట్టుకోగానే ఆ వణుకు ఆగిపోయేది. ఈ రెండూ నేను కళ్లారా చూశాను. ఇది గుర్తుపెట్టుకోండి.

చేరిన నెలలోనే నేను షెడ్డుకు ఒక పద్ధతి తెచ్చాను. ప్రతి పనికీ ఒక కాగితం. చేయాల్సినవన్నీ అంకెలు వేసి రాసి, ఒక్కోదాని పక్కన ఒక గడి. అయినదానికి టిక్కు. చివర, పని చేసినవాడి సంతకం. నర్సన్నకు చదువు రాదు. నేను పైకి చదివేవాడిని. ఆయన "అయింది" అనేవాడు. నేను టిక్కు పెట్టేవాడిని. ఆఖరున పెన్ను అడిగి తీసుకుని తన పేరు మెల్లగా గీసేవాడు. మొదటి రోజు మాత్రం నవ్వాడు.

"ఏంది ఇంజినీరూ, బండికి జాతకం రాస్తున్నవా?"

తర్వాత ఆయనే నా కాగితాలను నమ్మడం మొదలుపెట్టాడు.

సుగుణమ్మ గారిది పదిహేనేళ్ల నాటి నల్ల ఎస్‌యూవీ. ఆవిడ ఉప్పల్‌లో వంట చేయించి, మధ్యాహ్నం నాచారం ఫ్యాక్టరీలకు భోజనాలు చేరవేసేది. వెనక సీట్లు తీసేసి గిన్నెలు పెట్టుకునేది. బండి తనే నడిపేది. స్టీరింగ్ తిప్పితే మూలుగుతోందని, నిలిపిన చోటల్లా ఎర్రటి నూనె మరక పడుతోందని తీసుకొచ్చింది. వారం వారం నూనె పోసుకుంటూ మూడు నెలలు నెట్టుకొచ్చిందట.

పవర్ స్టీరింగ్ నూనె కారుతుంటే, అది ఎక్కడ కారుతోందో కనుక్కోవడమే సగం పని. నూనె ఒకచోట బయటపడుతుంది, పైపు వెంట పాకుతుంది, ఇంకెక్కడో బొట్టుగా రాలుతుంది. బొట్టు పడ్డ చోటికి పైనే లోపం ఉందనుకుంటే మోసపోతాం. నర్సన్న అంతా డీజిల్‌తో కడిగి, తుడిచి, ఆరాక పైపుల మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లేవాడు. తర్వాత ఇంజిన్ ఆన్ చేయించి, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించేవాడు. పౌడరు ముందుగా ఎక్కడ తడిస్తే లోపం అక్కడ.

ఆ రోజు స్టీరింగ్ నేను తిప్పాను. నాలుగోసారి తిప్పుతుంటే కింద నుంచి ఆయన అరిచాడు. "ఆపు, ఆపు. దొరికిండు దొంగ."

పంపు నుంచి ఒత్తిడితో నూనె వెళ్లే పైపు, పంపుకు ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. ఆ పైపు చివరకు అటూ ఇటూ రెండు రాగి వాషర్లు. నూనె అక్కడే ఊరుతోంది. నర్సన్న విప్పాడు. ఆ పాత వాషర్లనే మంటలో ఎర్రగా కాల్చి, నీళ్లలో వేశాడు. అలా చేస్తే గట్టిపడ్డ రాగి మెత్తబడుతుంది, మళ్లీ బిగువుగా కరుచుకుంటుంది. ఇది నేను కాలేజీలో చదివిందే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే.

కానీ నా కాగితంలో ఆరో అంకె ఇలా ఉంది: కొత్త వాషర్లు వేయాలి.

"నర్సన్నా, ఇవి పాతవి. కొత్తవి వెయ్యాలి."

"కాల్చినంక కొత్తయే తమ్మీ. జర సూడు, ఎట్ల మెరుస్తున్నయో."

"కాగితంలో కొత్తవని ఉంది కదా."

"నీ కాయితం ఆపుతదా నూనె? అయింది అని రాసుకో పో. కాయితం ఏమన్న లేచొచ్చి బండి కిందికి దూరి సూస్తదా?"

పక్క బండి దగ్గర ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆరో గడి మాత్రం ఖాళీగా వదిలేశాను.

ఆయన బిగించాడు. మళ్లీ కడిగి, మళ్లీ పౌడరు చల్లి, పావుగంట ఇంజిన్ నడిపించాడు. పౌడరు పొడిగానే ఉంది. ఎనిమిదో గడి, పరీక్ష, టిక్కు పెట్టాను. ఆయన సంతకం పెట్టి చేతులు కడుక్కుని అన్నం తినడానికి వెళ్లాడు.

నేను అంతకుముందే ఉప్పల్ విడిభాగాల దుకాణం నుంచి కొత్త వాషర్లు తెప్పించి డ్రాయర్‌లో పెట్టుకున్నాను. కాగితం చేతిలో ఉంది. పది గడులు నిండాయి, ఒకటి ఖాళీ. బండి కిందకు దూరాను. ఆయన బిగించిన బోల్టు విప్పాను. ఎంత గట్టిగా ఉందో నా భుజానికి ఇప్పటికీ గుర్తు. కొత్త వాషర్లు వేశాను. బిగువు కొలిచే పానాతో, ఫోన్‌లో వెతికి పట్టుకున్న అంకె వరకు బిగించాను. ఆ అంకె అదే బండి తర్వాతి మోడల్‌ది. దానికి ఉండేది ఇంతకన్నా చిన్న బోల్టు. ఆ బిగువు ఈ బోల్టుకు చాలదని నాకు తర్వాత తెలిసింది. కారిన నూనె తుడిచి, అంత మేరా మళ్లీ పోశాను. తీసిన పాత వాషర్లు డ్రాయర్‌లో పడేసి, ఆరో గడిలో టిక్కు పెట్టాను.

పరీక్ష మళ్లీ చేయలేదు. ఎనిమిదో గడిలో టిక్కు అప్పటికే ఉంది కదా. ఆ టిక్కు నేను విప్పేసిన బిగింపుది. ఇంజినీరింగ్ చదివినవాడికి ఆ మాత్రం తట్టలేదా? తట్టలేదు. నిండిన కాగితం చూసుకుని తాళం చెవులు ఇచ్చేశాను.

ఎందుకు చేశాను? కాగితంలో అబద్ధం ఉండకూడదనే చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. వాళ్లు నవ్వారని చేశాను. చదువు రాని మనిషి చెప్పింది సరైందని, అది నా చదువు చెప్పిందే అని నాకు తెలిసినా ఒప్పుకోలేక చేశాను. అంతవరకు అది పొరపాటు. క్షమించమని అడగగలిగే పొరపాటు. నేను చెప్పాల్సింది ఆ తర్వాతది.

తొమ్మిదో రోజు సుగుణమ్మ గారు మెయిన్ రోడ్డు మీద నుంచి ఫ్యాక్టరీ సందులోకి తిప్పుతుండగా స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. నూనె మొత్తం పోయింది. వెనక గిన్నెల బరువు, ముందు మలుపు. బండి ఒక ప్రహరీగోడను గుద్దింది. ఆవిడ కుడి మణికట్టు విరిగింది. బండిని లాక్కొచ్చి మా షెడ్డులో పెట్టారు.

అందరికంటే ముందు నేను కిందకు దూరాను. బోల్టు రెండు వేళ్లకే తిరిగింది. కొత్త వాషర్లు నూనెలో మెరుస్తున్నాయి. నర్సన్న కాల్చి వేసిన పాతవి ఇంకా నా డ్రాయర్‌లోనే ఉన్నాయి. లేచాను. వెళ్లి వాటిని తెచ్చాను. కొత్తవి తీసి పాతవి పెట్టాను. బోల్టును మళ్లీ వేళ్లతోనే, వదులుగా తిప్పి వదిలేశాను. కొత్తవి జేబులో వేసుకున్నాను. సాయంత్రం వాటిని మురికికాలువలోకి విసిరేశాను. ఒక్కో పనినీ వరుసగా, ఏదీ మరిచిపోకుండా చేశాను. నా చేతులు వణకలేదు.

అప్పుడు నర్సన్నను పిలిచాను.

ఆయన కిందకు దూరి చాలాసేపు బయటకు రాలేదు. ఆయన వచ్చాక షెడ్డు ఓనరు తనూ దూరి చూసి, కాగితం తెమ్మన్నాడు. నేనే చదివాను.

"ఎవరు బిగించిన్రు?"

"నేనే సేటూ."

"కొత్త వాషర్లు ఏసినమని రాసి ఉంది. లోపల పాతయి ఉన్నయ్. ఏంది గిది?"

నర్సన్న నా వైపు చూశాడు. కోపంగా కాదు. తన వల్ల నాకు మాట వస్తుందేమో అన్నట్టు చూశాడు.

"ఔ సేటూ. నేనే రాసుకోమన్న. తమ్మి తప్పు లేదు."

"చెయ్యి వణుకుతుంది, ఇగ పెద్ద పనులు ముట్టకు అని ఎన్నిసార్లు జెప్పిన నీకు? ఆడమనిషి సచ్చిపోయేది."

నర్సన్న తన కుడిచేతిని ముందుకు చాపి చూసుకున్నాడు. అది వణుకుతోంది. ఆ క్షణంలో ఎవరి చెయ్యైనా వణుకుతుంది. నేను చెప్పాల్సిన క్షణం అదే. నోరు తెరిస్తే నాలుగు మాటలు. నేను కాగితం మడిచాను.

ఆయన ఆసుపత్రికి వెళ్లి సుగుణమ్మ గారి మంచం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను వరండాలో ఆగాను. తర్వాత షెడ్డులో ఆయనకు బండ్లు కడిగే పని ఇచ్చారు. నెల తిరక్కుండానే మానేశాడు. వెళ్లేటప్పుడు తన పానాల పెట్టె నాకిచ్చాడు. తీసుకున్నాను. అది కూడా రాయాలి. తీసుకున్నాను.

ఇప్పుడు నేనొక కంపెనీలో తనిఖీ విభాగంలో పనిచేస్తున్నాను. ఆయన ఉప్పల్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. నెలకోసారి అటు వెళ్లేవాడిని, పండ్లు పట్టుకుని. చెప్పాలనే వెళ్లేవాడిని. పండ్లు ఇచ్చి వచ్చేసేవాడిని.

పోయిన ఆదివారం చెప్పాను. మెట్ల కింద వాళ్లుండే గదిలో ఆయన మంచం మీద కూర్చున్నాడు. ఆయన భార్య యాదమ్మ కూరగాయలు తరుగుతోంది. వరుసగా అన్నీ చెప్పాను. విప్పింది, మార్చింది, బిగించింది, మళ్లీ మార్చింది. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు. చివరకు నా మోకాలు తట్టాడు.

"ఎవలు జెప్పిన్రు తమ్మీ నీకు, నా మనసు బాగలేదని?"

"అన్నా, నిజం చెబుతున్నాను. నీ బిగింపు చుక్క కూడా కారలేదు. తప్పు నాది."

"నా చెయ్యి నాకు ఎరుక కాదా? గప్పటికే పట్టు తప్పింది. ఎవలకు జెప్పలే, గంతే. నాకోసం నువ్వు అబద్ధం ఆడకు. నీకు రాదు. నీ కాయితంల ఒక్క తప్పు సూడలే నేను."

ఇంకా చెప్పాను. ప్రమాణం చేశాను. ఆయన నవ్వి, మంచోడివి అన్నాడు. చెయ్యి చాపి చూపించాడు. ఇప్పుడది నిజంగానే బాగా వణుకుతోంది. పని లేక వణుకుతోందో, వయసు వల్లో, నా వల్లో నాకు తెలియదు. దాన్ని చూస్తూ నేను ఎలా వాదించగలను?

యాదమ్మ కత్తి ఆపి ఎప్పుడో నా వైపు తిరిగింది. నేను లేస్తే గేటు దాకా వచ్చింది.

"నువ్వు జెప్పింది నిజమే గదా?"

"నిజమే అక్కా."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఆ చేతిని గోడకేసి కొట్టుకుంటుండె, తెలుసా? మొదటి సంవత్సరమంతా. నేనే పట్టుకునేదాన్ని." గేటు మీద చెయ్యి వేసింది. "ఇగ రాకు తమ్మీ. నువ్వొస్తే ఆయన మస్తు సంబరపడతడు. నేను సూడలేను."

గేటు వేసింది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆయన నమ్మలేదు, ఇక నమ్మడు. నమ్మిన ఒక్క మనిషి నన్ను రావద్దంది. ఆమె మాట కాదనే హక్కు నాకు లేదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఆ పని మీది కాదు, మీరు చేసినా చెల్లదు. ఆ బండికి నర్సన్న వేసిన బిగింపు సరిగ్గా ఉంది. దాన్ని విప్పింది నేను. వదులుగా బిగించింది నేను. దాచింది నేను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఆరేళ్లు పట్టింది. రాశాక ఛాతీలో కొంచెం చోటు దొరికినట్టుంది. అది కూడా నాకే దొరికింది, ఆయనకు కాదు.