మా నాన్న పోసిన పురుడు

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మా వైపు తిరుగులేని మాట. చిక్కల్లా ఏమిటంటే, నా పుట్టిల్లంటే మా నాన్న ఒక్కడే. అమ్మ పోయి ఆరేళ్ళు. నాకు అక్కచెల్లెళ్ళు లేరు, మేనత్తా లేదు. ఎమ్మిగనూరులో రెండు గదుల ఇల్లు, వెనక మగ్గం, ఆ మగ్గం గుంటలో కూర్చుని చీరలు నేసుకునే మనిషి, అంతే. నాకు ఐదో నెల రాగానే ఆయన ఆదోనిలోని మా అత్తగారింటికి వచ్చి, వియ్యపురాలి ముందు చేతులు కట్టుకుని నిలబడి, "పురుడు మా ఇంట్లోనే పోస్తామమ్మా" అన్నాడు. ఆ 'మేము'లో ఎవరెవరున్నారో ఆయనకే తెలియాలి.

మా అత్త అప్పుడు జొన్నరొట్టె తడుతోంది. చేతి చప్పుడు ఆగలేదు. "ఆడదిక్కు ల్యాని ఇంటికి బాలింతను ఎట్ల పంపేదన్నా? పథ్యం ఎవురు జూస్తారు, నడుము ఎవురు కడతారు?" అంది.

"అన్నీ నేను తయారు జేస్తాను. తొమ్మిదో నెల్లో మీరే వచ్చి జూడండి. సరిగ ల్యాకుంటే పంపొద్దు."

ఎదుటివాళ్ళు చేసిన పనిలో వంకలు వెతకడమంటే మా అత్తకు పండగే. వెంటనే ఒప్పుకుంది. మా ఆయన ఇద్దరికీ తలూపి బతికిపోయాడు.

నాకు మాత్రం నాన్నే నెగ్గాలని ఉంది. అత్తగారిల్లు చెడ్డదని కాదు. అమ్మ పోయాక మా ఇల్లు మెల్లమెల్లగా నాన్న పడుకునే చోటుగా మిగిలిపోయింది. నేను బిడ్డతో ఓ నలభై రోజులు అక్కడ ఉంటే అది మళ్ళీ నా పుట్టిల్లు అవుతుందని ఆశ. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే ఏడుపొస్తుంది.

ఇక మొదలైంది నాన్న హడావుడి. బాలింతకు పెట్టే కాయం, అంటే సొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి పాతబెల్లం, నెయ్యి వేసి ఉడికించే మందు ముద్ద, దాన్ని ఫోనులో వీడియో చూసి నేర్చుకుంటానన్నాడు. అందులో ఒక కోస్తా ఆవిడ ముందుగా మా ఛానల్ సబ్‌స్క్రైబ్ చేసుకోమంటే, ఆడమనిషి అంత మర్యాదగా అడిగింది కదాని చేసుకున్నాడు. అప్పట్నుంచి ఆవిడ గుత్తివంకాయ కూర, ఇల్లు సర్దుకునే పద్ధతి, కొత్త చెవికమ్మలు అన్నీ ఆయన ఫోనుకు రావడం మొదలైంది. "ఈయమ్మకు కాన్పు సంగతి గ్యాపకం ఉన్నట్ల ల్యాదు పాపా" అని నాతో మొర.

సరుకులకు ఆదోని బజారుకే వచ్చాడు. మూలికల అంగట్లో కిలో పిప్పళ్ళు ఇమ్మని అడిగితే, అంగడి పెద్ద భాయ్ కళ్ళద్దాలు పైకి తోసి, "ఎన్ని కాన్పులకప్పా?" అన్నాడట. ఒకటే అని చెబితే, "ఇంత తినిపిస్తే బిడ్డ కాదప్పా, తల్లి ఏడుస్తాది" అని చారెడు పొట్లం కట్టి, మా ఇండ్లలో బాలింతలకు ఇది పెడతామని ఇంత గోందు కూడా ఇచ్చాడు. గోందంటే బంక. నేతిలో వేయిస్తే పేలాల్లా పొంగుతుంది. నిజంగానే పొంగుతుందా అని నాన్న ఇంటికెళ్ళి కొంచెం వేయించి చూశాడు. పొంగింది. మళ్ళీ చూశాడు, మళ్ళీ పొంగింది. అలా పొంగించి చూడడానికే సగం పొట్లం అయిపోయింది.

బాలింత చెవుల్లోకి గాలి పోకుండా దూది పెట్టాలని ఎవరో చెప్పారు. పత్తి మిల్లులో తెలిసినవాళ్ళని అడిగి గోనెసంచి నిండా దూది తెచ్చాడు. నాకున్నవి రెండే చెవులు నాన్నా అంటే, "మిగిలితే దిండు జేస్తాంలే" అన్నాడు.

తొమ్మిదో నెల్లో మా అత్త నన్ను వెంటబెట్టుకుని బస్సులో ఎమ్మిగనూరు వచ్చింది. నాన్న కొత్త చాప పరిచి, సామాన్లన్నీ వరసగా పేర్చి, గడ్డం గీయించుకుని ఉన్నాడు. మా అత్త కొంగు దోపుకుని చాప ముందు కూర్చుంది. సొంఠి కొమ్ము విరిచి చూసింది. బెల్లం నాలుక మీద వేసుకుంది. వాము అరచేతిలో నలిపి వాసన చూసింది. జడగా అల్లిన తెల్లగడ్డలు, అంటే వెల్లుల్లి, ఎత్తి ఊపింది. ఒక్కదానికీ బాగుందనలేదు, బాగలేదనీ అనలేదు. నాన్న నా వైపు చూశాడు. నేనేం చేయను, కడుపు పట్టుకుని గోడకు ఆనుకున్నాను.

అప్పుడు నడికట్టు చేతికొచ్చింది. కాన్పయ్యాక వదులైన పొట్ట బిగించి కట్టే గుడ్డ అది. ఎవరైనా పాత పంచె చింపి కట్టుకుంటారు. మా నాన్న ప్రత్యేకంగా నేశాడు. ఎర్రటి అంచు వేశాడు. అంచులో సన్నగా జరీ కూడా పోనిచ్చాడు. రెండు కొసలకూ పైటకొంగులా చారలు దించాడు. పైగా చీరకు పెట్టినట్టే గంజిపెట్టి మడత పెట్టాడు. మా అత్త దాన్ని విప్పితే నిట్టనిలువుగా నిలబడింది.

"ఇది పొట్టకా అన్నా, పెండ్లికా?"

"అంచు ల్యాకుండా నేద్దామనే కూసున్నానమ్మా. చెయ్యి పోలేదు."

"సరే, అంచు ఎవురికీ అగపడదు. ఈ గంజితో కడితే పిల్ల నడుము కోసకపోతాది. మూడు నీళ్ళల్లో నానేయి. అయినా ఈ గుడ్డలన్నీ కొత్తవే తెచ్చినావేమి? బాలింతకు, బిడ్డకు మెత్తని పాత నూలుచీరలు గావాల. ఇంట్లో ల్యావా?"

ఉన్నాయి. లోపలి గదిలో ట్రంకుపెట్టెలో అమ్మ చీరలున్నాయి. ఏడాదికోసారి ఎండలో వేసి, వేపాకు మార్చి, మళ్ళీ పెట్టెలో పెట్టేది నాన్నే. వాటి జోలికి నేను కూడా పోయేదాన్ని కాదు. ఆయన లేచి లోపలికి పోయి, నాలుగు చీరలు తెచ్చి మా అత్త ముందు పెట్టాడు. "ఇవి బాగ మెత్తబడినాయి. మీరే చింపండమ్మా. నాకు గుడ్డ చింపేది రాదు" అన్నాడు. మా అత్త వాటిని చేత్తో తడిమి, ఒక్క వంకా పెట్టలేదు.

పరీక్ష గట్టెక్కినట్టే అనుకున్నాను. అప్పుడడిగింది. "అంతా బాగానే ఉంది. నీళ్ళు పోసేదెవురు?"

బాలింతకు కాగే నీళ్ళు చెంబుతో నడుము మీద కొట్టి కొట్టి పోయాలి. అది తండ్రి చేసే పని కాదు. పక్క వీధిలో ఒకామెను మాట్లాడుకున్నాడు నాన్న. ఆమె కూతురికే కాన్పు వచ్చి కౌతాళం వెళ్ళిపోయింది.

"వేరేవాళ్ళను జూస్తాండాను" అన్నాడు.

"జూస్తాండావంటే ల్యారనే గదన్నా. పురుడు ఆదోనిలోనే పోస్తాం. నువ్వొచ్చి జూసుకోనిపో."

నాన్న సామాన్లన్నీ సంచికెత్తబోయాడు, మాతో పంపడానికి. పొట్లం పొట్లం మీదా పెన్నుతో పేరు రాసి ఉంది, ఏది ఎప్పుడు పెట్టాలో కూడా. "ఉండనీలే, ఇప్పుడు మోసేదెవురు. మా పిల్లోడొచ్చి తెస్తాడు" అంది మా అత్త. నేను వాకిట్లోకొచ్చి ఏడ్చాను. నెలలు నిండినవాళ్ళు ఎందుకేడ్చినా ఎవరూ కారణం అడగరు, అదొక సుఖం.

ఆదోని ఆస్పత్రిలో పాప పుట్టింది. మూడో రోజు ఇంటికి పొమ్మన్నారు. కారు మాట్లాడి ఎక్కాక, డ్రైవరు యాడికన్నాడు. మా ఆయన వాళ్ళమ్మ వైపు చూశాడు. మా అత్త పాపను ఒళ్ళో సర్దుకుని, కాళ్ళ దగ్గర తన బట్టల సంచి పెట్టుకుని, "ఎమ్మిగనూరుకు పోనీ" అంది.

"మరి నీళ్ళెవరు పోస్తారత్తా?"

"నాకు చేతులు ల్యావా?"

వియ్యంకుడి ఇంట్లో వియ్యపురాలు మకాం పెట్టడం మా వైపు ఎవరూ విన్నది కాదు. మా వీధికి నెలకు సరిపడా మాటలు దొరికాయి. నాన్న చాప తీసుకుని మగ్గం దగ్గరికి మారిపోయాడు. ఆమెతో నేరుగా మాట్లాడడం మర్యాద కాదనుకున్నాడో ఏమో, గజం దూరంలో ఉన్న మనిషి గురించి నన్నడిగేవాడు. "మీ అత్తకు అన్నం సాలునా అడుగు పాపా." ఆమె కూడా నాతోనే, "సాలునని సెప్పు" అనేది. చెవుల్లో ఇంతింత దూదితో ఇద్దరి మాటలూ మోసేదాన్ని నేను.

ఐదో రోజు నీళ్ళు పోస్తూ, నా వీపుతో చెప్పింది మా అత్త. "నాకు నాలుగు కాన్పులు. మా అమ్మ సిన్నప్పుడే పాయ. మా నాయన ఉండి గూడా రాలే. మూడోది పుట్టిన తొమ్మిదో దినం పత్తి ఏరేదానికి పోయినా. సొంఠి కొమ్ము తెచ్చిచ్చినోళ్ళు ల్యారు." బాధపడుతూ చెప్పలేదు. నీళ్ళు వేడి చాలునా అని అడిగినట్టే చెప్పింది. తడికకు అవతల పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తున్న నాన్న చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు నా స్నానమయ్యాక మా అత్త ఖాళీ బిందెతో బయటికొచ్చింది. పొయ్యి మీద అండా నిండా నీళ్ళు మళ్ళీ కాగుతున్నాయి. నాన్న లేచి నిలబడి, నా వైపు కాదు, ఆమె వైపే చూసి మాట్లాడాడు.

"మీరూ పోసుకోండమ్మా. కాగినాయి."

"నేనేమన్న కన్నానా?"

"కన్నారు గదా, నలుగురిని."

మా అత్త బిందె నింపుకుని తడిక చాటుకు పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చాక తలకు గుడ్డ చుట్టుకుని, నాన్న వేడివేడిగా కలిపి పెట్టిన తెల్లగడ్డ కారం అన్నం తిని, నా పక్కనే చాప మీద ఒరిగి, నిద్రపోయింది.

పొద్దెక్కాక ఎదురింటామె పాపను చూడాలని వచ్చింది. నాన్న గడపలో అడ్డంగా నిలబడి, గొంతు తగ్గించి, "బాలింత పడుకోనుందమ్మా, మాపటికి రాండి" అన్నాడు. ఆమె ఆయన భుజం మీదుగా లోపలికి చూసింది. నేను పాపను ఒళ్ళో వేసుకుని, మేలుకునే కూర్చుని ఉన్నాను.