పన్నెండో పాఠం చూసిన నలభై ముగ్గురు

అన్నయ్య చేసిన ఆఖరి మామూలు పని, చెల్లెలికి సూదుల్లో దారం ఎక్కించి ఇవ్వడం. ఆ మంగళవారం పొద్దున్న తెలుపు, నలుపు, నీలం దారాలు మూడు సూదులకు ఎక్కించి, కుట్టుమిషను పక్కనున్న చిన్న దిండుకు గుచ్చి, "ఇక నీ రాజ్యం నువ్వేలుకో" అని వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అరగంట తర్వాత ఆమె పిలిస్తే పలకలేదు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు.

ఆయనది చిత్రమైన ఉద్యోగం. ప్రోగ్రాములు రాయడం కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఒక చిన్న కంపెనీ ఇంటర్నెట్టులో పాఠాలు పెట్టేది. వాటిలో తప్పులు పట్టి దిద్దడం ఆయన పని. అ ఆలు కూడా రానివాడిలా, పాఠంలో ఉన్నది ఉన్నట్టు టైపు చేసేవాడు. అందుకే ఆఫీసులో ఆయన్ని కొత్తబ్బాయి అనేవారు. యాభై ఎనిమిదేళ్ల కొత్తబ్బాయి. ఒక్కోసారి చెల్లెలిని కూడా కూర్చోబెట్టేవాడు.

"నీ తెలివి వాడకు. అక్కడ రాసిందే చెయ్యి."

"ఆ మాట చెప్పడానికి ఇంత మర్యాదెందుకు అన్నయ్యా? చిన్నప్పుడు ఒక్క మొట్టికాయతో సరిపెట్టేవాడివి."

ఆయన పోవడానికి పదకొండు రోజుల ముందు, ఒక శుక్రవారం, టిఫిను మధ్యలో చటుక్కున లేచాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"పన్నెండో పాఠం..." అన్నాడు. "నిన్న సాయంత్రం నేనే బాగుందన్నాను. పెట్టేశారు."

ఆ పాఠం ఫైళ్లు తుడిచెయ్యడం గురించి. 'సాధన' అనే ఫోల్డరులోకి వెళ్లు, అక్కడున్నవన్నీ తుడిచెయ్యి. రెండే లైన్లు. కాని ఆ ఫోల్డరును ముందు తయారుచేసుకోమని పాఠంలో ఎక్కడా లేదు. అన్నయ్య కంప్యూటరులో ఎప్పటిదో ఒకటి పడి ఉంది, అందుకని ఆయనకు పాఠం చక్కగా నడిచింది. అది లేనివాళ్లకు మొదటి లైను దగ్గరే కంప్యూటరు కదలకుండా ఉన్నచోటే ఉండిపోతుంది. రెండో లైను ఆ ఉన్నచోటునే ఊడ్చిపెడుతుంది.

"ఏం పోతాయి?"

"ఏముంటే అవి. పిల్లల ఫొటోలు, ఉత్తరాలు, చదువు తాలూకు కాగితాలు. మళ్లీ రావు."

పెట్టేసిన పాఠాన్ని మార్చగలిగేది మేనేజరు ఒక్కతే. ఆవిడ సెలవు మీద ఎక్కడో ప్రయాణంలో ఉంది, ఫోను కలవలేదు. సోమవారం దాకా పాఠం అలాగే ఉంటుంది. దాని కింద ఒక హెచ్చరిక రాద్దామన్నా వీలు లేదు. అక్కడ కనిపించేది ఒక్కటే, 'చూసినవారు' అని ఒక అంకె.

పదింటికి మూడు. మధ్యాహ్నానికి తొమ్మిది. అన్నయ్య వంటింట్లోకి వెళ్లేవాడు, ఎందుకొచ్చాడో మరిచిపోయి తిరిగొచ్చి మళ్లీ చూసేవాడు. పద్నాలుగు.

"ఈ పద్నాలుగో మనిషి ఎవరై ఉంటారే?"

"ఎవరో ఒకరు. చూసినవాళ్లందరూ చేసేస్తారా ఏంటి?"

"చేస్తారు. కొత్తవాళ్లు చెప్పినమాట వింటారే. అదే నా భయం."

శనివారం కాలింగ్ బెల్లు మోగితే కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చిన పక్కింటాయన, "ఏం సార్, నన్ను చూస్తే దయ్యంలా ఉన్నానా?" అని నవ్వాడు. అన్నయ్య కూడా నవ్వబోయాడు గాని పెదాలు సాగలేదు. అది చూసి చెల్లెలికి ఆ ఫైళ్ల సంగతి తట్టనే లేదు. ఈ మనిషికి ఏమవుతుందోనని భయం పట్టుకుంది. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపి, పక్కగదిలో చప్పుడు వినిపిస్తోందా అని చెవులు రిక్కించేది.

ఆదివారానికి ముప్పై ఆరు. సోమవారం మేనేజరు వచ్చి అయిదు నిమిషాల్లో పాఠం సరిచేసింది. అప్పటికి అంకె నలభై మూడు.

భయం మాత్రం సరికాలేదు. కంపెనీకి వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ ఊపిరి బిగబట్టి తెరిచేవాడు. ఎవరూ ఏమీ అనలేదు.

"చూశావా, ఒక్క ఫిర్యాదూ లేదు. ఇక తిండి తిను."

"వాళ్లు ఫిర్యాదు చెయ్యరే. తప్పు తమదే అనుకుంటారు. సిగ్గుపడి, ఈ చదువు మనకి రాదులే అని మానేస్తారు."

ఆ పైవారం మంగళవారమే ఆయన పోయాడు.

నెల తిరిగాక ఆఫీసులో ఉండిపోయిన ఆయన వస్తువులు ఇవ్వడానికి మేనేజరు ఇంటికొచ్చింది. చెల్లెలు అడిగింది.

"ఆ నలభై ముగ్గురికీ ఒక ఉత్తరం రాయగలరా? పోయినవి తెచ్చివ్వలేం. మీ తప్పు కాదని చెబితే చాలు. అన్నయ్య తరఫున."

"ఎవరున్నారో చూసి చెప్తాను" అందావిడ. మర్నాడు ఫోను చేసింది. మాట కూడబలుక్కుంటున్నట్టుంది.

"రాయడానికి ఎవరూ లేరండీ. ఆ నాలుగు రోజుల్లో బయటివాళ్లెవరూ ఆ పాఠం తెరవలేదు. మేం మా పేర్లతో లోపలికెళ్లి చూస్తే అంకె పెరగదు. ఆయన ఎప్పుడూ పేరు లేకుండానే వెళ్లేవారు కదా, కొత్తవాళ్లకి ఎలా కనిపిస్తుందో అలాగే చూడాలని. తెరిచిన ప్రతిసారీ ఒకటి పెరిగింది. ముప్పై ఎనిమిది ఆయన కంప్యూటరువే."

"మరి మిగతా అయిదు?"

"అవి ఏదో ఫోనువి. అదీ మీ ఇంట్లోదే."

అంకె పెరగడం ఆగిందేమో, ఆగితే పరుగున వెళ్లి అన్నయ్యకు చెబుదామని, ఆ నాలుగు రోజుల్లో వంటింట్లో నిలబడి తన ఫోనులో ఆమె అయిదుసార్లు చూసింది.